పాఠకుల ప్రశ్నలు: ఆరు వేల డ్యాక్‌కు హై-రెజ్ ఫైలు కావాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్లిఫయర్‌కు అందే విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పెట్టెను, అంటే డ్యాక్‌ను, కొనుక్కున్నవారూ కొనబోతున్నవారూ హై-రెజ్ (హై రిజల్యూషన్) ఫైళ్ల వల్ల, అంటే ధ్వనిని సీడీ కంటే ఎక్కువ సూక్ష్మంగా కొలిచి రాసిన ఫైళ్ల వల్ల, ప్రయోజనం ఉందా అని అడిగారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాం. నిడివి కోసం ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: శీర్షిక నిర్వాహకులకు నమస్కారాలు. ఉద్యోగ విరమణ చేసి నల్లకుంటలో ఉంటున్నాను. నా కర్ణాటక సంగీతం సీడీలన్నిటినీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, 6,000 రూపాయలు పెట్టి కొన్న డ్యాక్ ద్వారా పాత యాంప్లిఫయర్‌కూ బుక్‌షెల్ఫ్ స్పీకర్లకూ కలిపి వింటున్నాను. నా దగ్గర సీడీగా ఉన్న ఒక వయొలిన్ కచేరీనే ఈ మధ్య 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా మళ్లీ కొన్నాను. ఫైలు స్పష్టంగా బాగుంది, మృదంగం దరువు విడిగా తెలుస్తోంది. అదంతా భ్రమ అని మా అబ్బాయి అంటాడు. ఆరు వేల డ్యాక్‌లోనే ఇంత తెలిస్తే ముప్ఫై వేల డ్యాక్‌లో ఎంత తెలుస్తుందో చూడండి అని దుకాణదారు అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీకు తేడా వినబడిందనడంలో మాకు అనుమానం లేదు. ఆ తేడాకు కారణం 24, 192 అనే అంకెలేనా, లేక వాటితో పాటు మారినది మరేదైనా ఉందా అన్నదే తేల్చవలసిన సంగతి.

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు బజారులోకి తెచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, అంటే 44.1 కిలోహెర్ట్జ్ వేగంతో కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. కొలిచే వేగంలో సగానికి లోపల ఉన్న కంపనాలన్నిటినీ ఆ కొలతల నుంచి తిరిగి రాబట్టవచ్చునన్నది నైక్విస్ట్, షానన్‌ల పేరిట ప్రసిద్ధమైన సిద్ధాంతం. కనుక సీడీ దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకోగలదు. మనిషి చెవి పడుచు వయసులో ఎంత బాగా పనిచేసినా 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, అరవై దాటిన చాలామందికి 12 దగ్గరో అంతకు ముందో ఆగిపోతుంది. కొలతకూ కొలతకూ మధ్య ఖాళీ ఉంటుంది గనుక సీడీ ధ్వని మెట్లు మెట్లుగా వస్తుందనీ, 192లో ఆ మెట్లు సన్నబడి నునుపుదేరుతాయనీ ప్రకటనల్లో బొమ్మలు వేస్తుంటారు. ఆ బొమ్మ తప్పు. డ్యాక్‌లో ఉండే ఫిల్టరు మెట్లను తొలగించి అవిచ్ఛిన్నమైన తరంగాన్నే బయటికి పంపుతుంది, రెండు కొలతల నడుమ తరంగం నడిచిన తీరు కూడా అందులో సరిగ్గా వస్తుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైలు అదనంగా మోసుకొచ్చేది 22 నుంచి 96 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్ని, అంటే చెవికి అందని భాగాన్ని మాత్రమే.

బిట్ల విషయానికి వస్తే, 16 బిట్లలో అత్యంత గట్టి ధ్వనికీ అడుగున మిగిలే సన్నని సొదకూ మధ్య సుమారు 96 డెసిబెల్‌ల ఎడం ఉంటుంది. 24 బిట్లలో అది కాగితం మీద 144 అవుతుంది గాని, ఎంత ఖరీదైన డ్యాక్ అయినా వాస్తవంలో 120 దాటి ఎంతో దూరం పోదు, అంటే చివరి మూడు నాలుగు బిట్లను ఏ పెట్టె కూడా పూర్తిగా వినిపించలేదు. ఇక వినే గదిని చూడండి. పైన ఫ్యాను తిరుగుతూ, కిటికీ అవతల ఆటోలు పోతూ ఉండే నల్లకుంట ఇంట్లో నేపథ్యపు చప్పుడే 35, 40 డెసిబెల్‌లు ఉంటుంది. కచేరీ శిఖరాలు 95 డెసిబెల్‌లకు చేరేంత గట్టిగా మీరు పెట్టినా, 16 బిట్ల సొద ఆ ఫ్యాను చప్పుడుకు ముప్ఫై నలభై డెసిబెల్‌ల కిందే ఉండిపోతుంది. 24 బిట్ల అసలు ప్రయోజనం రికార్డింగ్ స్టూడియోలో ఉంది: గాయకుడు ఏ క్షణంలో గొంతు ఎత్తుతాడో తెలియదు గనుక ఇంజినీరు పైన చాలినంత జాగా వదిలి రికార్డు చేసుకోగలడు, ఆ తర్వాత ఎన్నిసార్లు మిక్సింగ్ చేసినా అడుగున సొద పేరుకోదు.

తొలినాటి సీడీ ప్లేయర్ల మీద వచ్చిన విమర్శలో మాత్రం కొంత నిజం ఉండేది. 20 కిలోహెర్ట్జ్ దాకా అంతా పోనిచ్చి 22 దగ్గర ఒక్కసారిగా కోసెయ్యవలసిన ఫిల్టర్లను అప్పట్లో కెపాసిటర్లతో, కాయిల్స్‌తో కట్టేవారు, అవి అంత శుభ్రంగా పనిచేసేవి కావు. ఫిలిప్స్ తన తొలి ప్లేయర్లలో 14 బిట్ల చిప్‌నే పెట్టి, కొలతల సంఖ్యను నాలుగు రెట్లు పెంచి ఆ ఇబ్బందిని దాటింది. ఇవాళ మీ ఆరు వేల డ్యాక్‌లోని చిప్ అదే పనిని ఎన్నో రెట్లు ఎక్కువగా, తనంతట తానే చేసుకుంటుంది. మీరు సీడీ ఫైలు ఇచ్చినా అది లోపల మెగాహెర్ట్జ్ వేగానికి పెరిగిన తర్వాతే విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఫిల్టరు సౌకర్యం కోసమని హై-రెజ్‌ను సమర్థించే వాదం దీనితో చాలావరకు బలహీనపడింది.

లెక్కలు ఎలా ఉన్నా చెవి ఏమంటుందన్నది వేరే పరీక్ష. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనే ఇద్దరు అమెరికాలో హై-రెజ్ డిస్కులను నేరుగా ఒకసారీ, మధ్యలో సీడీ ప్రమాణానికి కుదించి మరొకసారీ, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరైన జవాబు వచ్చింది. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. వాళ్లు వాడిన డిస్కుల్లో కొన్నిటిలో నిజమైన హై-రెజ్ సమాచారం ఉందా అని తర్వాత విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ ఇటువంటి 18 ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్కగట్టగా, మొత్తం మీద సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి, ముందుగా తర్ఫీదు పొందిన శ్రోతల్లో అది 60 శాతం దాటింది. కనుక తేడా బొత్తిగా లేదని ఘంటాపథంగా చెప్పడానికి లేదు. అయితే తర్ఫీదు పొంది, ప్రయోగశాలలో కూర్చుని, ఒళ్లంతా చెవులు చేసుకున్నా అంతంత మాత్రంగా దొరికే తేడా, మీరు సోఫాలో కూర్చోగానే ‘మృదంగం విడిగా తెలుస్తోంది’ అన్నంత ప్రస్ఫుటంగా ఉండదు. మీరు విన్నది ఇంకేదో అయి ఉంటుందని మేం అనడానికి ఇదే ఆధారం.

ఆ ఇంకేదోకు మా మొదటి అనుమానం మాస్టరింగ్ మీద, అంటే విడుదలకు ముందు రికార్డింగ్‌కు చేసే చివరి సవరణల మీద. కచేరీని హై-రెజ్‌గా అమ్మేటప్పుడు సంస్థలు తరచు పాత టేపును మళ్లీ తీసి, కొత్త ఇంజినీరుతో సరిదిద్దించి విడుదల చేస్తాయి. సీడీ కోసం హెచ్చుతగ్గులు తగ్గించి గట్టిగా అదిమిన ధ్వనిని ఇందులో వదులుగా ఉంచితే మృదంగం దరువు నిజంగానే లేచి కనిపిస్తుంది. ఆ మెరుగు మాస్టరింగ్ చేసిన మనిషిది. అదే మాస్టర్‌ను సీడీ ప్రమాణంలో ఇచ్చినా మీకు అదే మృదంగం వినబడేది. మేయర్, మోరన్‌లు కూడా హై-రెజ్ డిస్కులు సాధారణంగా సీడీల కంటే బాగున్నాయనే రాశారు, కారణంగా మాత్రం వాటి తయారీలో తీసుకున్న శ్రద్ధనే చూపారు.

రెండో అనుమానం ధ్వని స్థాయి మీద. రెండు ఫైళ్లలో ఒకటి అర డెసిబెల్ గట్టిగా ఉంటే, గట్టిగా ఉందని మనకు తోచదు, ‘బాగుంది’ అనే తోస్తుంది. దుకాణాల్లో ఈ సంగతి అందరికీ తెలుసు.

మూడోది కొంచెం చిత్రమైనది. మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే, సౌండ్ సెట్టింగుల్లో మీ డ్యాక్‌కు ఏ వేగం రాసి ఉందో చూడండి. అక్కడ 48 కిలోహెర్ట్జ్ అని ఉంటే, మామూలు ప్లేయర్‌లో మీరు ఏ ఫైలు పెట్టినా విండోస్ దాన్ని 48కి మార్చి పంపుతుంది. మీ డ్యాక్ ముందు వేగాన్ని బట్టి రంగు మారే చిన్న దీపం ఉంటే, సీడీ ఫైలుకూ 192 ఫైలుకూ అది ఒకే రంగులో వెలుగుతోందేమో గమనించండి. అలా వెలుగుతుంటే ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్నది 192ను కానే కాదు.

తేల్చుకునే దారి ఒకటి ఉంది, ఖర్చు లేదు. మీరు కొన్న 192 ఫైలునే ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కు కుదించి భద్రపరచండి, ఆ కుదించిన దాన్ని తిరిగి 24 బిట్లు, 192కు పెంచి ఇంకో ఫైలుగా చేయండి. పోయిన సమాచారం తిరిగి రాదు గనుక, ఈ రెండో ఫైలు పైకి 192గా కనిపించినా లోపల సీడీయే. ఇలా తిప్పడం ఎందుకంటే, వేగం మారినప్పుడల్లా కొన్ని డ్యాక్‌లు ‘టిక్’మంటాయి, దీపం రంగు కూడా మారుతుంది, దానితో గుట్టు బయటపడుతుంది. తర్వాత ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌లో ఏబీఎక్స్ అనే అదనపు భాగాన్ని చేర్చుకుని, అసలు ఫైలునూ ఈ ఫైలునూ పోల్చండి. ఏది వినిపిస్తోందో చెప్పకుండా అది మిమ్మల్ని పరీక్షిస్తుంది. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే, కేవలం అదృష్టం కొద్దీ అలా జరిగే అవకాశం నాలుగు శాతం లోపే గనుక, మీ చెవిని మేం గౌరవిస్తాం. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, అతడిది కూడా ఇప్పటికి ఊహే కదా.

దుకాణదారు మాటకు జవాబు సులభం. ఆరు వేలకు దొరికే మంచి డ్యాక్‌లో వికృతి (డిస్టార్షన్, అంటే అసలు ధ్వని రూపు చెడటం) శాతంలో వందో వంతుకు కూడా చేరదు, ముప్ఫై వేలదానిలో ఇంకా తక్కువ ఉండవచ్చు. స్పీకర్లలో, ముఖ్యంగా మంద్ర స్వరాల దగ్గర, వికృతి ఒక శాతం దాటడం మామూలే. ఇరవై నాలుగు వేలు ఖర్చు పెట్టాలనే ఉంటే స్పీకర్లకు పెట్టండి. దానికంటే ముందు, నేల మీద పాలిష్ టైల్సూ గోడలకు ఏమీ లేకుండా ఉన్న గది అయితే, ఒక మందపాటి తివాచీ, బరువైన తెరలు, వెనక గోడకు పుస్తకాల బీరువా పెట్టి వినండి. మృదంగం దరువు ఎక్కువగా చెదిరిపోయేది గోడల మధ్యనే, డ్యాక్‌లో కాదు.

ప్రశ్న: ఘంటసాల గారి పాత పాటలు 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌లో ఉన్నాయని చెప్పి ఒక మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఒక్కో ఫైలూ చాలా పెద్దగా ఉంది. మామూలు ఫైళ్లు తీసేసి ఇవి ఉంచుకోవాలా? (తార్నాక పాఠకురాలు)

జవాబు: ఫైలు పెద్దదవడం వింత కాదు. ఐదు నిమిషాల స్టీరియో పాట కుదించకముందు సీడీ ప్రమాణంలో 53 మెగాబైట్లు ఉంటే, 24 బిట్లు, 192లో 346 మెగాబైట్లు ఉంటుంది. పెరిగిన చోటంతా పాటే ఉందా అన్నది వేరే విషయం. 1950ల నాటి పాటలు మనకు మిగిలింది సినిమా సౌండ్‌ట్రాక్‌గానో, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులుగానో, అయస్కాంత టేపులుగానో. ఆ రోజుల టేపులో సంగీతానికీ సొదకూ మధ్య ఎడం 60, 70 డెసిబెల్‌లు, అంటే 12 బిట్లు చాలు. లక్క రికార్డులో అంత కూడా ఉండదు. వాటిలో 10, 12 కిలోహెర్ట్జ్ దాటిన సంగీతం అరుదు, దాని పైన ఉండేది గరగరే. లీటరు పాలను పది లీటర్ల బిందెలో పోసినంత మాత్రాన పాలు పెరగవు.

అసలు టేపు నుంచి జాగ్రత్తగా తీసిన ప్రతి ఎక్కడైనా దొరికితే, అది సీడీ ప్రమాణంలో ఉన్నా సరే, నిధిలా దాచుకోండి. మీ మిత్రుడిచ్చినది అటువంటిదో కాదో కంటితోనే కొంత చూడవచ్చు. ఆడాసిటీలో ఫైలు తెరిచి, ట్రాక్ పేరు దగ్గరి మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకుంటే పాట రంగుల మేఘంలా కనిపిస్తుంది. ఆ మేఘం 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగి, పైన అంతా నల్లగా ఉంటే, సీడీ ఫైలును ఎవరో ఉబ్బించి ఇచ్చారని అర్థం. 16 దగ్గర తెగితే అది ఒకప్పుడు ఎంపీ3 అయి ఉండవచ్చు, 15 దగ్గర తెగితే ఎఫ్ఎం రేడియో నుంచి పట్టినది కావచ్చు, ఎందుకంటే స్టీరియో ఎఫ్ఎం ప్రసారంలో 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సంకేతాన్ని పంపవలసి ఉండటం వల్ల సంగీతాన్ని 15 దగ్గరే ఆపేస్తారు. టీవీ కార్యక్రమాల నుంచి తీసిన పాత పాటల్లో 15.6 కిలోహెర్ట్జ్ దగ్గర పాట మొదలు నుంచి చివరి దాకా సన్నని అడ్డగీత ఒకటి కనిపించవచ్చు, అది నాటి పిక్చర్ ట్యూబు పెట్టిన కూత. పడుచువాళ్లకు అది వినబడుతుంది కూడా.

పాత ఫైళ్లు తీసెయ్యకండి. పెన్‌డ్రైవ్‌లోని ప్రతిలో సొదను యంత్రంతో తుడిచి, దానితో పాటు గొంతులోని జీరను కూడా తుడిచేసి ఉండే అవకాశం ఉంది. విని నిర్ణయించుకోండి.

ప్రశ్న: నా వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ పెట్టె మీద బంగారు రంగు హై-రెజ్ ముద్ర ఉంది. ఫోన్‌లో లాస్‌లెస్, అంటే సమాచారం ఏమీ పోకుండా పాటలు అందించే సేవకు చందా కట్టాను. నాకు నిజంగా హై-రెజ్ అందుతోందా? (కూకట్‌పల్లి)

జవాబు: లేదు. బ్లూటూత్ దారి ఇరుకు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ సంగీతానికి కుదించకముందు సెకనుకు 4,608 కిలోబిట్లు కావాలి. వైర్‌లెస్ హై-రెజ్‌గా ప్రసిద్ధమైన ఎల్‌డీఏసీ పద్ధతి అత్యధికంగా పంపేది 990, సిగ్నల్ తగ్గితే అంతకంటే తక్కువ. మిగిలింది దారిలో రాలిపోతుంది. అమీర్‌పేట మెట్రోలో నిలబడి వినేటప్పుడు ఆ రాలిపోయినది మీకు గుర్తుకు రాదు, ఆ గోలలో సీడీ నాణ్యతకే చోటు లేదు. చందాకు అదనంగా ఏమీ కట్టనక్కర లేకపోతే ఉంచుకోండి. అదనంగా కడుతుంటే, వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే చిన్న యూఎస్‌బీ-సీ తీగ డ్యాక్, ఒక మంచి తీగ ఇయర్‌ఫోన్ దానికంటే మేలు.

ప్రశ్న: డ్యాక్ కొన్న తర్వాతే స్పీకర్లలో ‘గుయ్’మని రొద మొదలైంది. వాపసు ఇవ్వబోతే డ్యాక్‌లో లోపం లేదన్నారు. ల్యాప్‌టాప్ ముట్టుకుంటే ఒక్కోసారి వేళ్లకు జిల్లుమంటోంది. (వనస్థలిపురం)

జవాబు: హై-రెజ్ గొడవ కంటే ఈ ప్రశ్న ముఖ్యమైనది, ఎందుకంటే 96 డెసిబెల్‌ల అడుగున ఉన్న సొద గురించి తలలు బాదుకునేవారిలో చాలామంది ఇళ్లలో ఈ రొద 50, 60 డెసిబెల్‌ల దగ్గరే తిష్ఠ వేసి ఉంటుంది.

ముందు చార్జరు పీకేసి బ్యాటరీ మీద వినండి. రొద ఆగిపోతే దోషం డ్యాక్‌ది కాదు. ల్యాప్‌టాప్ చార్జరుకూ యాంప్లిఫయర్‌కూ వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్తింగ్ అందుతుంటే, ఆ రెండు ఎర్తుల నడుమ ఉండే స్వల్పమైన వోల్టేజీ మీ ఆడియో తీగ ద్వారా ప్రవహించి 50 హెర్ట్జ్ రొదగా వినబడుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలాసార్లు సద్దుమణుగుతుంది. వేళ్లకు జిల్లుమంటోందంటే మీ చార్జరు రెండు పిన్నులది అయి ఉండాలి, లేదా గోడ ప్లగ్గులో ఎర్తు సరిగ్గా లేకపోవాలి. రెండోది అయితే సంగీతం సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. రొద పోగొట్టడానికి మూడో పిన్నుకు టేపు చుట్టమనీ, విరిచెయ్యమనీ సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయకండి, అది ప్రాణాలకు ప్రమాదం.

అప్పటికీ తగ్గకపోతే, ల్యాప్‌టాప్‌కూ డ్యాక్‌కూ మధ్య యూఎస్‌బీ ఐసోలేటర్, అంటే సమాచారాన్ని పోనిస్తూనే విద్యుత్ సంబంధాన్ని తెంచే చిన్న పరికరం, పెట్టవచ్చు. టీవీ నుంచి వినేవారైతే ఆప్టికల్ తీగ వాడుకోవచ్చు, అందులో వెళ్లేది వెలుతురే గనుక రొద దాటి రాలేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే రొద వస్తుంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ పుణ్యం, దానికి డ్యాక్ మార్చి ప్రయోజనం లేదు.

ప్రశ్న: కోఠీ, సికింద్రాబాద్ సీటీసీ దుకాణాల్లో అడిగితే ఒకరు ఈఎస్ఎస్ చిప్ అంటారు, ఒకరు ఏకేఎం అంటారు, ఇంకొకరు 768 కిలోహెర్ట్జ్ దాకా పోతుందంటారు. ఏది చూసి కొనాలి? (మెహదీపట్నం)

జవాబు: చిప్ పేరు చూసి కొనవద్దు. 2020 అక్టోబరులో జపాన్‌లోని ఏకేఎం కర్మాగారం కాలిపోయినప్పుడు చాలా సంస్థలు తమ డ్యాక్‌లను వేరే చిప్‌లతో మళ్లీ రూపొందించుకున్నాయి, వాటితోనూ కొలతలు శుభ్రంగానే వచ్చాయి. చిప్ తర్వాత ఉండే అనలాగ్ భాగం, పవర్ సప్లై ఎలా కట్టారన్నదే పనితనం. 768 అనే అంకెకు మీ దగ్గర ఫైలు లేదు, ఉన్నా పైన చెప్పిన కారణాల వల్ల ఉపయోగం లేదు. పైగా వినబడని అతిధ్వనులు నాసిరకం యాంప్లిఫయర్‌లోనో, స్పీకరులో హెచ్చు స్వరాలు పలికే ట్వీటర్‌లోనో ఒకదానితో ఒకటి కలిసి, 30, 33 కిలోహెర్ట్జ్‌లు కలిస్తే 3 కిలోహెర్ట్జ్ పుట్టినట్టు, వినబడే చోట కొత్త రొదను పుట్టించగలవు.

చూడవలసినవి వేరు. మీ హెడ్‌ఫోన్‌ను నడిపే శక్తి దానికి ఉందా, వాల్యూమ్ తిప్పుడు పిడి కావాలా, యాంప్లిఫయర్‌కు పంపే వెనక సాకెట్లు ఉన్నాయా, టీవీకి కలపడానికి ఆప్టికల్ ఉందా, పాడైతే హైదరాబాద్‌లోనే బాగుచేసి ఇచ్చేవారు ఉన్నారా. కొనేముందు మీ హెడ్‌ఫోన్ పట్టుకెళ్లి, పాట ఏదీ పెట్టకుండా వాల్యూమ్ పూర్తిగా పెంచి చెవి పెట్టండి. అప్పుడు సుయ్‌మనే శబ్దం రాని పెట్టె ఐదు వేలదైనా మీకు చాలు. దుకాణంలో ఏసీ హోరు ఉంటుంది గనుక వారం లోపు వాపసు తీసుకుంటామన్న మాట బిల్లు మీద రాయించుకుని, ఆ పరీక్షను ఇంట్లో రాత్రిపూట మరోసారి చేయండి.